మూడు స్విచ్చులు మార్చిన బండి

మా బండి తాళం స్విచ్చి ఒక్క ఏడాదిలో మూడుసార్లు మార్చారు. మూడుసార్లూ తప్పు నాదేనన్నారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మేము మల్కాపురంలో ఉంటాం. సీతమ్మధారలో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చెయ్యడం నా ఉద్యోగం. మా ఆయన స్టీల్‌ప్లాంటుకి బస్సులో వెళ్ళిపోతారు కాబట్టి మోటార్‌సైకిల్ నా చేతికొచ్చింది. ఏడున్నరకల్లా ల్యాబు తెరవాలి. అప్పటికే పరగడుపున వచ్చిన షుగరు పేషెంట్లు మెట్ల మీద కూర్చుని ఉంటారు.

మొదటిసారి మా వీధి మలుపులోనే ఆగిపోయింది. మీటరు మీద దీపాలన్నీ ఒక్కసారే ఆరిపోయాయి, హారన్ కూడా మోగలేదు. తాళం రెండుమూడుసార్లు అటూ ఇటూ తిప్పితే మళ్ళీ ప్రాణం వచ్చింది. సర్వీసు సెంటర్లో సూపర్‌వైజరు చూసి, స్విచ్చి పోయిందని కొత్తది వేయించాడు. తాళాలగుత్తి బరువుకే అది అరిగిపోయిందట. ఆడవాళ్ళు బీరువా తాళాలతో సహా అన్నీ దానికే తగిలిస్తారట. నా గుత్తికి ఉన్నవి రెండే తాళాలు. అయినా ఒకటి తీసేశాను.

కొన్నాళ్ళకి మళ్ళీ అదే. ఈసారి నేను నీళ్ళు కొట్టి కడిగేస్తున్నానన్నాడు. తడిగుడ్డతో తుడవడం తప్ప ఏమీ చెయ్యనని చెప్తున్నా వినకుండా రెండో స్విచ్చి వేయించాడు.

మూడోసారి రిఫైనరీ దగ్గర కుడివైపు తిరుగుతుంటే నడిరోడ్డు మీద ఆగింది. వెనకాల ట్యాంకరు. డ్రైవరు గట్టిగా బ్రేకు తొక్కాడు గనక బతికాను. అతను తిడుతుంటే చేతులు జోడించి, బండిని పక్కకి తోసుకుపోయాను. అట్నుంచటే సర్వీసు సెంటర్‌కి వెళ్తే సూపర్‌వైజరు నావైపు చూడనైనా చూడకుండా అన్నాడు.

"మేడం, మీకు చెప్పినా అర్థం కాదు. సార్‌ని పంపించండి, ఆయనతో మాట్లాడతాను."

ఈసారి నేను తాళం మరీ గట్టిగా తిప్పేస్తున్నానంటూ మూడో స్విచ్చి వేయించాడు. ఇంటికొచ్చే దారిపొడుగునా మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను. మా ల్యాబులో ఒకే రిపోర్టు రెండుసార్లు తేడాగా వస్తే ముందు మిషను చూసుకుంటాం. పేషెంటుని తప్పుపట్టం.

మూడో స్విచ్చి వేసిన వారానికే బండి మళ్ళీ ఆగింది. ఇంక అక్కడికి వెళ్ళలేదు. ఆదివారం పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాను. అక్కడ మా చిన్నాన్న బోట్లకి కరెంటు పని చేస్తాడు. బోటు అంచు మీద కూర్చుని నా గోడంతా విన్నాడు. తర్వాత ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

"అది సరేగానమ్మా, ఎప్పుడాగిపోతంది? తిన్నగా ఎల్తన్నప్పుడా, మలుపు తిప్పినప్పుడా?"

మా వీధి మలుపు. రిఫైనరీ మలుపు. మొన్న ల్యాబు గేటులోకి తిప్పుతుంటే. అన్నీ తిప్పినప్పుడే. ఏడాదిలో ఈ మాట నన్నెవరూ అడగలేదు, నాకూ తట్టలేదు.

చిన్నాన్న హెడ్‌లైటు ఊడదీసి వైర్లగుత్తి బయటికి లాగాడు. స్విచ్చికి కరెంటు తెచ్చే తీగకి చిన్న బల్బు తగిలించి, హ్యాండిల్ నెమ్మదిగా తిప్పమన్నాడు. తిన్నగా ఉన్నప్పుడు బల్బు వెలిగింది. కుడికి తిప్పగానే ఆరిపోయింది. నాలుగుసార్లు తిప్పాను, నాలుగుసార్లూ అంతే. హ్యాండిల్ మెడ దగ్గర ఆ గుత్తిని ఎవరో బిగించి కట్టేశారు. తిప్పినప్పుడల్లా తీగ లాగేసుకుంటోంది. పైన తొడుగు బాగానే ఉంది. కోసి చూస్తే లోపల రాగి నల్లబడి తెగిపోయి ఉంది.

"స్విచ్చికేటీ అవనేదు," అన్నాడు చిన్నాన్న. "తీగ తెగిపోనాది."

పాడైన ముక్క కోసేసి, కొంచెం వదులుగా ఉండేలా కొత్త తీగ కలిపాడు. అతుకు మాత్రం నా చేతే వేయించాడు. బండి స్టార్టయింది. హ్యాండిల్ ఎటు తిప్పినా ఆగలేదు. ముందు గుండె తేలికపడింది. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే కోపం ముంచుకొచ్చింది. మా ఆయన పోనీలెద్దూ అన్నారు. నాకు పోనివ్వాలనిపించలేదు.

సోమవారం ఆ తీగముక్క పట్టుకెళ్ళి సూపర్‌వైజరు బల్ల మీద పెట్టాను. బయటివాళ్ళు చెయ్యి పెట్టిన బండికి ఇంక గ్యారంటీ ఉండదన్నాడు. గ్యారంటీ కోసం రాలేదనీ, తెగింది తీగే తప్ప స్విచ్చి కాదని జాబ్‌కార్డులో రాయమనీ అడిగాను. నేను తగ్గలేదు. వెనకాల వరసలో నిలబడ్డవాళ్ళు వింటున్నారు. చివరికి విసుక్కుంటూ కార్డు తీసి, కస్టమరు బయట వైరింగు చేయించుకున్నారు అని రాశాడు. మళ్ళీ నా మీదికే.

పెన్ను అడిగి తీసుకున్నాను. ఆ వాక్యం కిందే, హ్యాండిల్ దగ్గర తీగ తెగడం వల్ల బండి ఆగేది, మూడు స్విచ్చులూ అనవసరంగా మార్చారు అని రాశాను. ల్యాబు రిపోర్టుకి పెట్టినట్టే తేదీ వేసి సంతకం పెట్టాను. కార్డు పాడుచేశారన్నాడు. కాపీ ఇచ్చేదాకా కదలనన్నాను.

ఇచ్చాడు. తప్పయిందని మాత్రం అక్కడ ఒక్కరూ అనలేదు. ఆరోజు ల్యాబుకి రెండు గంటలు ఆలస్యమైంది. ఆకలితో కూర్చున్న పేషెంట్ల చేత నేను మాటలు పడాల్సివచ్చింది.