ఫుజైరా నుంచి అల్ ఐన్‌కు కోడిపిల్లల విమానం

2013 జనవరిలో నేను ఫుజైరా విమానాశ్రయంలో ర్యాంప్ సూపర్‌వైజర్‌ని. ర్యాంప్ అంటే విమానాలు ఆగే చోటు. సరుకు ఎక్కించడం, దించడం, పట్టీలు బిగించడం మా పని. నలభై దాటాక లేబర్ క్యాంపులో అక్షరాలు దిద్ది ఆ పోస్టు తెచ్చుకున్నవాణ్ని. చుట్టూ తిప్పి రాయడం నాకు రాదు.

ఒక పొద్దున అల్ ఐన్ వెళ్లాల్సిన సరుకు విమానం, అక్కడ పొగమంచు కమ్మడంతో మా దగ్గర దిగింది. తలుపు తీస్తే ఒకటే కిచకిచ. లోపల అట్టపెట్టెల నిండా అప్పుడే పుట్టిన కోడిపిల్లలు. గాలి ఆడకపోతే పెట్టెకు పెట్టె చచ్చిపోతాయి. అవి చేరాల్సిన ఫారంలో పని చేసేది మా బామ్మర్ది రాజన్నే. వెంటనే ఫోన్ చేశాడు.

"బావా, పిల్లలు బతికున్నయా? సచ్చినయంటే ముదీర్ నన్ను ఇంటికి తోలుతడు. లారీల ఏసి పంపరాదూ!"

ముదీర్ అంటే వాళ్ల మేనేజర్. రోడ్డు మీద మూడు గంటలు, గాల్లో అరగంట. "లారీకి ఎక్కించేసరికే నీ పిల్లలు పుంజులైతయిరా, ఆగు" అన్నాను.

ఫ్యాన్లు పెట్టించాను. వరసల మధ్య గాలికి సందులు వదిలి పెట్టెలు మళ్లీ కట్టాం. ఇంతలో మంచు విడిందని కబురొచ్చింది. కొత్తగా కట్టిన సరుకు కదా, కట్టిన మనిషి వెంట రావాలన్నాడు కెప్టెన్. మా మేనేజర్ నా వైపు చూసి "యల్లా, ఎల్లయ్యా! పద!" అన్నాడు.

ఏళ్ల తరబడి విమానాలు నింపాను గానీ, పైలట్ల వెనక సీట్లో కూర్చోవడం అదే మొదలు. నవ్వు ఆగలేదు. కొండలు కిందికి జారిపోయాయి. చేతికిచ్చిన టీ ఊదుకునేలోపే కింద ఎడారి ఇసుక వచ్చింది. అంతలో వెనక సరుకు దగ్గర లైట్లు ఆర్పారు. కిచకిచ టక్కున ఆగిపోయింది.

ఖలాస్ అనుకున్నాను. రాజన్న మొహం కళ్ల ముందు కనబడింది. వెనక్కి తిరిగి, ఇంటి దగ్గర మేతకు పిలిచినట్టు "బా... బా... బా..." అని గట్టిగా అరిచాను. కో-పైలట్ ఉలిక్కిపడ్డాడు.

"క్యా హువా?"

"ముర్గీ కో బులా రహా హూ, సాబ్."

కోళ్లను పిలుస్తున్నానని నేను అంటుండగానే ఎక్కడో ఒక పెట్టెలోంచి "కీచ్" అని వినబడింది. మరుక్షణం విమానమంతా కిచకిచ. కెప్టెన్ భుజాలు ఊగిపోయేలా నవ్వాడు.

దిగాక అసలు చిక్కు మొదలైంది. మంచుకు ఆగిన విమానాలన్నీ ఒక్కసారే వచ్చిపడ్డాయి, నిలపడానికి చోటు లేదు. ఇంజన్లు తిరుగుతుంటే తలుపు తీయకూడదు. ఎగిరినదానికంటే ఎక్కువసేపు నేల మీదే కూర్చున్నాం. నేను మళ్లీ "బా బా" మొదలుపెట్టాను. ఈసారి కో-పైలట్ కూడా అందుకున్నాడు.

చివరికి పెట్టెలు కార్గో షెడ్డుకు చేరాయి. రాజన్న మూతలు వరసగా ఎత్తి చూశాడు. అన్నీ బతికే ఉన్నాయి. నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. విమానంలో సంగతి చెప్తే కడుపు పట్టుకుని నవ్వాడు.

"చీకటైతే పండుకుంటయి బావా! మంచిగ పన్నయాటిని లేపినవు! ఇంట్ల కోళ్లను ఎన్నడు సూడలేదా?"

తిరుగు ప్రయాణానికి నాకు విమానం లేదు. బస్సులు మారుతూ ఫుజైరా చేరేసరికి పొద్దు గుంకింది.

మా పనిలో ప్రయాణ సమయాన్ని చక్రాల కింద దిమ్మలు తీసినప్పటి నుంచి మళ్లీ పెట్టేదాకా లెక్కిస్తారు. సరుకుకు ఆ లెక్క చాలదు. తలుపు మూసినప్పటి నుంచి తీసేదాకా దానికి ప్రయాణమే. ఆ తర్వాత ఎవరు అరగంట దూరమని చెప్పినా నేను ఒక్కటే అడిగేవాణ్ని: అక్కడ తలుపు ఎప్పుడు తీస్తారు?