డాబా మీద హారన్, నా చెవులకు హెడ్‌ఫోన్లు

ఆ రోజుల్లో (మరీ పాత రోజులేం కావు, అందరి చేతుల్లోకీ స్మార్ట్‌ఫోన్లు వచ్చాకే) గొంతు ఎలా ఉన్నా ఫర్వాలేదు, హెడ్‌ఫోన్లు మాత్రం ఖరీదైనవి ఉండాలని నాకు గట్టి నమ్మకం. తెనాలిలో డిగ్రీ పూర్తి చేసి ఖాళీగా ఉన్నాను. కథలు చదివి వినిపించే ఒక ఆడియో సంస్థ వాళ్లు ఒక పేజీ రికార్డు చేసి పంపమన్నారు. నచ్చితే పని ఇస్తారట. మా అబ్బా, అంటే నాన్న, అప్పటికే దగ్గర్లోని స్కూల్లో నాకు టీచరు ఉద్యోగం మాట్లాడేశారు. "కథలు చదివితే ఎవరు వింటారమ్మా? సోమవారం నుంచి స్కూలుకెళ్లు" అన్నారు. నాకు స్కూలంటే భయం, అబ్బాకు ఎదురు చెప్పడమంటే అంతకంటే భయం. ఈ రికార్డింగ్ ఒక్కటీ కుదిరితే గట్టెక్కుతాను.

ట్యూషన్ల డబ్బులన్నీ పోసి స్టూడియోల్లో వాడే హెడ్‌ఫోన్లు తెప్పించాను. మైకును కంప్యూటరుకు కలిపే ఇంటర్‌ఫేస్ అనే చిన్న డబ్బా ముందే ఉంది. తీరా తగిలిస్తే నా గొంతు నూతిలోంచి పిలిచినట్టుంది. వీడియోలు చూస్తే తెలిసింది, ఇంత గొప్ప హెడ్‌ఫోన్లకు ఆ డబ్బా బలం చాలదట, విడిగా ఆంప్లిఫైయర్ ఉండాలట, కంప్యూటర్లోని అంకెల్ని శబ్దంగా మార్చే కన్వర్టర్ కూడా ఉంటే ఇంకా మంచిదట. రేపల్లెలో మా మామూకి, అంటే అమ్మ తమ్ముడికి, మైక్‌సెట్ షాపుంది. ఫోన్ చేశాను.

"ఆంప్లిఫైయరా! మన దగ్గర లేకపోవడమేంటి బేటీ? ఆ కన్వర్టర్ అంటావా, అది లేకుండానే ఇన్ని పెళ్లిళ్లు చేశాం" అని శనివారం పొద్దున్నే ఆటోలో దిగాడు. బియ్యం బస్తా అంత ఆంప్లిఫైయర్, దానితో పాటు ఒక హారన్, అదే, పెళ్లి పందిళ్ల మీద కట్టే గరాటా లాంటి లౌడ్‌స్పీకర్.

"హారన్ ఎందుకు మామూ?"

"హారన్ తగిలించకుండా ఆంప్లిఫైయర్ ఆన్ చేస్తే కాలిపోద్ది. మా లైన్లో మొదటి పాఠమే అది" అని హారన్‌ను డాబా మీదికి మోసుకెళ్లి, ఆకాశం వైపు తిప్పి కట్టాడు. "సౌండంతా పైకే పోద్ది, ఎవరికీ వినపడదు" అన్నాడు. (ఏళ్ల తరబడి హారన్ల పక్కన నిలబడిన మనిషి, ఆయనకు మాత్రం నిజంగానే వినపడదు.) వైర్లేవో కలిపి, నా చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, టీ తాగొస్తానని వెళ్లిపోయాడు.

అబ్బో, ఏం గొంతు నాది! ఒక్కో మాట వెనకే దాని నీడలాగా ఇంకో మాట. ఖరీదైన వస్తువంటే ఇలా ఉంటుంది కాబోలనుకుని మురిసిపోయాను. బాపట్ల స్టేషన్లో రైలు కోసం నిలబడిన ఒక అమ్మాయి కథ అది. "నువ్వు లేకుండా నేను ఈ రైలెక్కను" అనే దగ్గర నాలుక తిరగదు. మళ్లీ చదివాను. మళ్లీ తప్పు. "ఛీ, నోరా ఇది, తాటిమట్టా!" అని నన్ను నేనే తిట్టుకున్నాను. చివరికి ఏడుపొచ్చేసి, "యా అల్లా, ఈ ఒక్కసారి సరిగ్గా రానీ. ఆ స్కూల్లో చేరలేనని అబ్బా ముందు చెప్పే ధైర్యం నాకు లేదు. కథలు చదవడం తప్ప నాకింకేం ఇష్టం లేదు" అని మొరపెట్టుకుని, ముక్కు చీది, మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి తడబడలేదు.

హెడ్‌ఫోన్లు తీసేసరికి వీధంతా గోలగోలగా ఉంది. కిటికీ తెరిస్తే మా గోడ పక్కన జనం. "ఆగిపోయావేంటమ్మాయ్? ఇప్పుడేగా సరిగ్గా చదివావు!" అని ఎదురింటి పిన్నిగారు అరిచారు. పక్కనే మామూ టీ గ్లాసు పట్టుకుని, "ఆకాశం వైపేగా పెట్టాను!" అంటున్నాడు. ఆ వెనక, టీ కొట్టు దగ్గర, తల వంచుకుని అబ్బా.

మంచం మీద కూలబడ్డాను. అబ్బా లోపలికొచ్చి, నా వైపు చూడకుండా హెడ్‌ఫోన్లు చేతిలోకి తీసుకుని కాసేపు అటూ ఇటూ తిప్పారు. తిడతారనుకున్నాను.

"స్కూలువాళ్లకు నేను చెప్పుకుంటాలే" అన్నారు. గుమ్మం దాకా వెళ్లి ఆగి, "ఇంతకీ ఆ పిల్ల రైలెక్కిందా, లేదా?" అన్నారు.

హారన్ మోతతో ఆ రికార్డింగ్ ఎందుకూ పనికిరాలేదు. మర్నాడు మామూలు ఇయర్‌ఫోన్లతో చదివి పంపితే ఆ సంస్థవాళ్లు ఒప్పుకున్నారు. ఇప్పుడు నా గదిలో అరచేతిలో పట్టే ఆంప్లిఫైయర్, దానికి జోడీగా కన్వర్టర్, అన్నీ ఉన్నాయి. నా గొంతు గది దాటి పోదు. అయినా తలుపులు బిగించుకుని, చెవులు మూసుకుని, మనసులో మాటంతా వీధికి వినిపించిన ఆ వెర్రిపిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, ముద్దు కూడా వస్తుంది.