ముట్టుకోవద్దన్న మనిషి

అన్న పోయాడని నాకు నాయుడుపేట సంతలో తెలిసింది. విత్తనాల అంగడి ముందు నిలబడి ఉంటే మా ఊరి చర్చి పెద్ద వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"అబ్బయా, అన్న ప్రభువు దగ్గరికి పోయినాడు. పొద్దున, ఆ జొరంలోనే."

ఏడుపు కంటే ముందు నాకొచ్చిన ఆలోచన, ఈ కబురు నాకంటే ముందు ఎంతమందికి చేరిందో అని. అన్న విషయంలో నేనెప్పుడూ అంతే.

పెద్ద యుద్ధంలో అన్న మందుపాతరలు వెతికి తీసే పటాలంలో పనిచేశాడు. యుద్ధమంతా ఒంటిమీద గీత పడకుండా తిరిగాడు. అంతా ఆగిపోయాక, ఇటలీలో ఎవరో రైతు మళ్లీ దున్నుకోవాలని అడిగితే అతని పొలం వెతుకుతుండగా ఒకటి పేలింది. కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. ఎడమచేతికి రెండు వేళ్లు మిగిలాయి, వాటికీ స్పర్శ లేదు.

"యుద్ధం అయిపోయిందని మనుషులు కాగితాల మీద రాసుకుంటారు. మన్నులో ఉండేదానికి చదువు రాదు గదా" అనేవాడు.

ఇంటికొచ్చాక అమ్మ అతనికి ముద్ద కలిపి నోట్లో పెట్టేది. చేపల పులుసులో మంచి ముక్క అటే పోయేది. పెళ్లయినవాణ్ణి, అయినా పక్కన కూర్చుని నా చేత్తో నేను తింటూ ఆ ముక్క వంకే చూసేవాణ్ణి.

యుద్ధం ముగిసి పదేళ్లు దాటాక, ఒక గాలివాన వెలిసిన పొద్దున, సముద్రపొడ్డున కొమ్ములున్న పెద్ద ఇనుప గుండు ఒకటి ఇసుకలో సగం కూరుకుపోయి కనబడింది. ఒడ్డునున్న జాలర్ల పాళెం జనం మోకులు తెచ్చారు. ఒకతను సుత్తి కూడా తెచ్చాడు, ఇనుము అమ్ముకోవచ్చని. అన్న పరుగున పోయి ఆ సుత్తికీ గుండుకూ మధ్య నిలబడి రెండు చేతులూ పైకెత్తాడు.

"ముట్టొద్దు! ఇది సముద్రంలో పెట్టే మైను. ఎన్నేళ్లయినా చావదు. ఈ చేతులు చూసినాక గూడా కొడతారా?"

"తీసేది నీకు తెలుసు గదన్నా, నువ్వే తియ్యి" అన్నాడు సుత్తి తెచ్చినతను.

"నాకు తెలిసింది ఒకటే. నేను గూడా ముట్టకూడదని."

నన్ను పోలీసుస్టేషనుకు తరిమాడు. బురద దారిలో సైకిలు తొక్కి, తొక్కలేనిచోట భుజాన మోసి, నేను పోయి చెప్పాను. సైనికులు వచ్చేదాకా అన్న ఆ ఎండలో ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. వాళ్లు దాన్ని పేల్చినప్పుడు ఇసుక తాటిచెట్టంత లేచింది. పాళెంలో గుడిసెలన్నీ ఊగాయి. ఆడవాళ్లు బిడ్డల్ని తెచ్చి అన్న ముందు నిలబెట్టి దండాలు పెట్టించారు. సైకిలు తొక్కినవాణ్ణి మంచినీళ్లు కావాలా అని అడిగినవాళ్లు లేరు.

ఒకసారి నేను నారు పీకుతుంటే అన్న గట్టుమీద కూర్చుని చాలాసేపు చూశాడు.

"రేయ్, నిన్ను చూస్తే నాకు కుళ్లురా" అన్నాడు.

"నామీదనా?"

"నారు పట్టుకుంటే చల్లంగా ఉంటాదా, గరుగ్గా ఉంటాదా? మర్చిపోయినా. నీ బిడ్డ చెంపలు గూడా నాకు తెలీవు."

జాలేసింది. దానికంటే ముందు, నిజం చెబుతున్నాను, సంతోషమేసింది. అతనికి లేనిది నా దగ్గర ఒకటి ఉందని అతని నోట వినడం అదే మొదలు. ఆ మాట అతను నాకొక్కడికే చెప్పాడు. ఇన్నాళ్లూ దాచుకున్నాను. ఇప్పుడు మీకు చెప్పేస్తున్నందుకు కూడా కొంచెం దిగులుగానే ఉంది.

సమాధుల తోటకు తీసుకుపోతుంటే పాళెం మగవాళ్లు పెట్టెను నా భుజానికి ఇవ్వలేదు. "నువ్వు ఇన్నేళ్లు చూసుకుంటివి, ఈ పొద్దు మాది" అన్నారు. వెనక నడిచాను. నేను పోయిన రోజున ఒక్క ఎద్దుకైనా కాడి దించుతారా అనుకుంటూ నడిచాను. తోట ఉన్న ఇసుకదిబ్బ ఎక్కి చూస్తే, పడవలన్నీ ఒడ్డున వరసగా బోర్లించి ఉన్నాయి. కనుచూపు మేర నీళ్లమీద ఒక్క తెరచాప లేదు.