నడుమెత్తు చెట్లు

సూదుల పిన్ని చదివింది ఏడో తరగతి. పశువైద్యం నేర్చుకున్నది పన్నెండు రోజులు. అయినా చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో పశువుకు ఒళ్ళు వెచ్చబడితే డాక్టరు కన్నా ముందు ఆమెకే కబురు వెళుతుంది. డాక్టరు మంచివాడే. కాకపోతే ఆయన వచ్చేసరికి పశువు కోలుకునో, కన్నుమూసో ఆయనకు పని లేకుండా చేస్తుంది.

ఏ మేక కనిపించినా పిన్ని ముందు కింది కనురెప్ప లాగి చూస్తుంది. లోపల ఎర్రగా ఉంటే సరే, తెల్లగా పాలిపోతే కడుపులో పురుగులున్నట్టు. ఈ అలవాటు ఇంట్లోనూ పోలేదు. "నాకు జ్వరమొచ్చినా రెప్పే లాగుతుంది. నోట్లో మందు గొట్టం పెట్టేలోపు లేచి పనికి పోతాను" అంటాడు బాబాయి.

రైతు కుటుంబాలకు చేయూతనిచ్చే సంస్థ ఒకటి ఆమెను పనిలో పెట్టుకుంది. వాళ్ళిచ్చేది ఇంటికొక ఆడమేక, దాని మేతకు నలభై సుబాబుల్ మొక్కలు. మొక్కలు చస్తే మేక వెనక్కి పోతుంది. బతికితే మేక ఈనిన మొదటి ఆడపిల్లను వరసలో ఉన్న తర్వాతి ఇంటికి ఇవ్వాలి. మేకనూ మొక్కనూ ఒకే గుమ్మంలో దింపిన ఆ మహానుభావుడు మేకను బొమ్మలో తప్ప చూసి ఉండడు.

చివరింటావిడా పిన్నీ ఒకరినొకరు వదినా అనే పిలుచుకుంటారు, ఎవరు పెద్దో తేలక. ఆ వదిన ఏడాదిపాటు మొక్కల్ని మేక నోటికి అందకుండా కాపలా కాసింది. అవి ఇంటి కప్పును మించాయి. మేక తొలిచూలుతో ఉంది.

"ఇక నడుమెత్తున కొట్టు వదినా. చూడి మేకకు పచ్చాకు పడాలి. మళ్ళీ గుబురుగా లేస్తాయిలే" అంది పిన్ని.

ఎన్ని కొట్టాలో చెప్పలేదు. వదిన ఏ పనీ సగంలో ఆపే మనిషి కాదు. ఒక్క పూటలో నలభై కొట్టేసింది.

మూడో రోజున తనిఖీ ఆఫీసరు దిగాడు. చేతిలో టేపు, చంకలో అట్ట.

"ఏంటమ్మా ఈ మోళ్ళు?"

"చెట్లు సార్" అంది పిన్ని.

"చెట్టంటే రెండు మీటర్లుండాలి. ఇక్కడ గడిలో రాసుంది. లేకపోతే చచ్చినట్టే లెక్క."

వదిన మేక పలుపును చేతికి ఇంకో చుట్టు చుట్టుకుంది. "నువ్వు చెబితేనే కదా వదినా కొట్టాను" అంది మెల్లగా.

పిన్ని ఒక మోడును గోటితో గీకింది. కింద పచ్చటి చార కనిపించింది.

"పచ్చగా ఉంటే రాయడానికి గడి లేదమ్మా."

"ఎత్తు మేకలో ఉంది సార్. దాన్ని నిలబెట్టి కొలుచుకోండి."

ఆఫీసరు నవ్వలేదు. పెన్ను మూత తీశాడు. పిన్ని గబగబా పొయ్యి దగ్గరికి పోయింది. మేక ఆకూ బెరడూ గీరుకు తినగా మిగిలిన కర్రలు అక్కడ పేర్చి ఉన్నాయి. పొడుగాటిది ఒకటి తెచ్చి మోడు మీద నిలబెట్టి పట్టుకుంది.

"ఇది ఈ చెట్టుదే. ఇప్పుడు కొలవండి."

"ఈ చెట్టుదేనని ఏంటి గ్యారంటీ?"

"పక్క చెట్టుదైతే ఆ కర్ర కూడా తెస్తాను. మొత్తం నలభై ఉన్నాయి. మీరు ఓపిగ్గా కూర్చోండి."

వదిన మేకను గుంజకు కట్టేసి ఇంకో కర్ర పట్టుకుంది. ఆఫీసరు ఆరు కొలిచాడు. ఎండ మాడు పగలగొడుతోంది. కాసేపు కూర్చుందామంటే నీడ లేదు, దాన్నీ మేకే తినేసింది. ఏడో మోడు దగ్గర ఆయన చెమట తుడుచుకుని, 'సగటు ఎత్తు మూడు మీటర్లు, ఆకులు లేవు' అని రాసి సంతకం పెట్టాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

నెల తిరక్కముందే మేక రెండు పిల్లల్ని ఈనింది, ఒకటి ఆడది. అది పాలు మానాక వరస ప్రకారం బావి పక్కింటి తాతకు చేరింది. అప్పటికి వదిన మోళ్ళు మళ్ళీ తలెత్తు గుబురయ్యాయి. పిల్లను తీసుకుపోవడానికి వదిన వాకిట్లోకి వచ్చిన తాత వాటిని చూసి పిన్నిని అడిగాడు.

"నేనెప్పుడు కొట్టాలమ్మా కొమ్మలు?"

పిన్ని ముందు మేకపిల్ల కనురెప్ప లాగి చూసింది. ఎర్రగానే ఉంది.

"ఆఫీసరు వచ్చి వెళ్ళిన మర్నాడు తాతా. అదీ రోజుకు రెండే" అంటూ పిన్ని వదిన వైపు చూసింది.

వదిన మాత్రం, తప్పంతా దానిదే అన్నట్టు, మేక వైపు చూసింది.