మునెమ్మకు సోకింది గాలి కాదు

ఈ ఉదయం కుప్పంలో మా ఆసుపత్రి కిటికీకి దోమతెర బిగిస్తుంటే, కత్తిరించిన అంచు నా బొటనవేలిని గీరింది. నిమిరితే మెత్తగా ఉండే తెర, అంచు దగ్గర మాత్రం ముల్లు. వెంటనే పుంగనూరులో మా పక్కింటి మునెమ్మ చిన్నమ్మ గొంతు వినిపించింది: "లోపల ఎవరో గోరుతో గీరతాండారప్పా."

మా అమ్మ కూలికి పోతే నన్ను సాకింది ఆమే. జబ్బు చేసిన ఆవు దగ్గర కూర్చోబెట్టి, "తొందరపడొద్దు. సెయ్యి పెట్టి ఊరికే ఉండు. నొప్పి యాడుండాదో అదే సెప్తాది" అనేది. ఆ మాట ఆవుల గురించే అనుకున్నాను.

గర్భసంచి జారిందని, అప్పట్లో మదనపల్లెలో నేను పనిచేసే ఆసుపత్రికి ఆమెను తీసుకెళ్లింది నేనే. జారినదాన్ని నిలిపి ఉంచడానికి లోపల మెష్, అంటే సన్నని వల, పెట్టి కుట్టారు. ముందుగా అంగీకారపత్రం చదివి వినిపించిందీ నేనే. వల అంచు ఎప్పుడైనా కండను ఒరుసుకొని బయటపడవచ్చని అందులో ఒక వాక్యం ఉంది. భయపడుతుందని దాన్ని దాటేసి వేలిముద్ర వేయించాను.

ఏడాది తిరక్కుండానే నెత్తురు చుక్కలు, ఏదో వాసన. ఆ వాసనకేమో, ఆమె పాలు పిండబోతే ఆవు పక్కకు జరిగేది. ఒకనాడు ఆమె భర్త రెడ్డెప్ప నన్ను కొట్టంలోకి పిలిచి గొంతు తగ్గించాడు. "దాని దగ్గరికి పోవాలంటే బయమప్పా. లోపల పన్ను మాదిరి ఏందో ఉండాది. నన్ను గీరింది."

నేను చదవని వాక్యం గుర్తొచ్చింది. గుర్తొచ్చింది కాబట్టే నోరు వేరే దారి పట్టింది. "గాలి సోకిందేమో సిన్నాయనా" అన్నాను.

ఆసుపత్రిలో పనిచేసేవాడి మాట కదా, వీధంతా నమ్మింది. ఆమెను మిరపకాయల పొగ ముందు కూర్చోబెట్టారు. "ఎవురే నువ్వు?" అని మంత్రగాడు గద్దించాడు. దగ్గు ఆగాక ఆమె నెమ్మదిగా, "మునెమ్మను సామీ. ఈడ ఇంకెవురూ లేరు" అంది. అని, గుంపులో ఉన్న నన్ను చూసింది.

మర్నాడే మదనపల్లె తీసుకెళ్లాను. డాక్టరమ్మ లైటు వేసి చూస్తే వల అంచు బయటికి పొడుచుకొచ్చి ఉంది. అంతవరకు కోసి తీసి, పైన కుట్టింది. మిగతాది కండలో కలిసిపోయిందట. కొంత నొప్పి ఉండిపోతుందని చెప్పింది. తీసిన ముక్క చూపించమంది చిన్నమ్మ. గోరంత.

"ఇదేనా నా దెయ్యం?" అని నవ్వింది. అప్పుడు చెప్పాను, చదవకుండా వదిలేసిన వాక్యం గురించి. నవ్వు ఆగిపోయింది.

"గాలి అనేదానికి తిరిగిన నోరు, ఇది సెప్పేదానికి యాల తిరగలేదప్పా?"

తర్వాత కూడా వీధిలో నోరు విప్పలేదు నేను. ఆమె పాలు ఎవరూ కొనలేదు. ఆవును అమ్మేసింది. ఆమె పోయాక కూడా పుంగనూరులో అది గాలి సోకిన ఇల్లే. ఆ దారిన పోయేవాళ్లు ఇప్పటికీ అడుగు వేగం పెంచుతారు. మునెమ్మకు ఏ గాలీ సోకలేదు. ఆ మాట పుట్టించింది నేను.

ఇప్పుడు కుప్పంలో అంగీకారపత్రాలు చదివి వినిపించడమే నా పని. ఒక్క వాక్యం వదలను. అంతా చదివాక, బల్ల మీద చెయ్యి పెట్టి, ఎదుటి మనిషి నోరు తెరిచేదాకా ఊరికే ఉంటాను.