ముప్పై ఒక్క అడుగులు

పోయిన ఏడాదిలో నా శుక్రవారాలు చాలావరకు ఒక ముసలావిడ పాదాలు చూడటంలోనే గడిచాయి. ఆవిడను నేను ఎన్నడూ కలవలేదు. ఐర్లండ్‌లో పడమటి సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో ఉంటుంది. నేను సౌదీలో, ఖోబార్‌లో, ముగ్గురం కలిసి ఉండే గదిలో, మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని ఆవిడ నాట్యాన్ని ఫ్రేము ఫ్రేముగా చూసేవాణ్ణి.

నా అసలు పని అది కాదు. ధహ్రాన్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీ తరఫున ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ని. పొద్దున ఐదింటికి బస్సు. ప్రెషర్ గేజీలు విప్పి, సరైన కొలత చూపించే గేజీ పక్కన పెట్టి, తేడా ఎంతో రాసి, తేడా పోయేదాకా తిప్పి, స్టిక్కర్ అంటించాలి. శుక్రవారం సెలవు తప్ప రోజుకి పది గంటలు ఇదే. సాయంత్రం బస్సు దిగేసరికి బూట్లు విప్పడానికి కూడా ఓపిక ఉండదు. కాసేపు అలాగే కూర్చుంటాను.

ఇక్కడికి రాకముందు మూడు పనులు చేశాను. ఒకటి, డిప్లొమా అయ్యేదాకా మా ఊరి చెక్కభజన జట్టులో ఎగిరాను. రెండు, కాలేజీలో నాలుగు చిన్న సినిమాలు తీశాను. హాస్టల్ వాళ్ళు తప్ప ఎవరూ చూడలేదు. మూడు, కడపలో ఒక స్టూడియోలో రెండేళ్ళు పెళ్ళి వీడియోలు ఎడిట్ చేశాను. ఈ మూడింటిలో ఏదీ కూడు పెట్టేది కాదని నిర్ణయించుకుని వీసా తీసుకున్నాను.

ముసలావిడ కూతురిని కలవడం మా గదిలో ఉండే అన్న వల్ల జరిగింది. అన్నది ప్రొద్దుటూరు. విదేశీయుల కుటుంబాలు ఉండే ఒక కాంపౌండ్‌లో పిల్లల స్కూలు బస్సు నడుపుతాడు. ఆ కాంపౌండ్‌లో ఉండే ఐర్లండ్ మేడమ్ ఒకావిడ తన హార్డ్‌డిస్క్ పనిచేయడం లేదని ఎవరితోనో అంటుంటే విని, "మా రూములో ఒకడుండాడు మేడమ్, ఇట్లాంటివన్నీ విప్పుతాడు" అని అన్నకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాడట. డిస్క్‌లో పోయిందేమీ లేదు, కేబుల్ పాడయింది. కేబుల్ మార్చి, లోపల ఏముందో తెరిచి చూపిస్తే మొదట కనిపించినవి ఆ పాదాలే.

మేడమ్‌కు యాభై దాటి ఉంటాయి. చిన్నప్పుడు నాట్యం చేసింది. తర్వాత వాళ్ళ దేశంలో ఐరిష్ భాషలో కార్యక్రమాలు తీసే వాళ్ళ దగ్గర చాలా ఏళ్ళు పనిచేసింది. ఐర్లండ్ వాళ్ళ భాష ఇంగ్లీషేనని నేను అనుకునేవాణ్ణి. వాళ్ళకు సొంత భాష ఒకటి ఉందని, మాట్లాడేవాళ్ళు తగ్గిపోయినా దానికి టీవీ, రేడియో ఉన్నాయని ఆవిడ చెబితేనే తెలిసింది. భర్త ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చాక, సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు తీసినవి ఇక్కడ కూర్చుని సినిమాలుగా కడుతోంది. ఎడిటింగ్‌కు మనిషి కావాలంది. సరే అన్నాను.

పన్నెండు నిమిషాల సినిమా. వంటింటి తలుపు ఊడదీసి నేల మీద పరుస్తారు. దాని మీద ముసలావిడ నాట్యం చేస్తుంది. పక్కింటాయన హార్మోనియంలా తిత్తులుండే అకార్డియన్ వాయిస్తాడు. కూతురి గొంతు ఐరిష్‌లో వినిపిస్తుంది. ఆ తలుపు అలా పరవడం వాళ్ళ ఊళ్ళో పాత పద్ధతి. మట్టినేల మీద అడుగు మోగదు కదా.

నాకు భాష రాదు కాబట్టి ఒక షీటు చేసుకున్నాను. మొదటి గడిలో సమయం, రెండో గడిలో ఐరిష్ వాక్యం నాకు వినిపించినట్టు తెలుగు అక్షరాల్లో, మూడో గడిలో మేడమ్ చెప్పిన అర్థం, నాలుగో గడిలో నా గమనికలు. వాక్యం ఎక్కడ ముగుస్తుందో తెలియకపోతే కోత ఎక్కడ పెట్టాలి? ఒక శుక్రవారం ఖోబార్‌లో కాఫీ షాపులో కూర్చుని రెండో గడి ఆవిడకు చదివి వినిపించాను. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"మా ఊరి పోస్ట్‌మ్యాన్‌కి జలుబు చేస్తే ఇలాగే మాట్లాడతాడు" అంది.

ఆ రోజే అసలు సంగతి చెప్పింది. ఈ సినిమా అక్కడి ఐరిష్ చానెల్‌కు పంపుతుంది. వాళ్ళకు నచ్చితే, ముసలి నాట్యగాళ్ళ మీద ఆరు భాగాలు తీయమంటారు. ఆరింటికీ ఎడిటర్ని నేనే. రెండేళ్ళ పని, ఎక్కడ కూర్చునైనా చేసుకోవచ్చు. నా ఇఖామా, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే కార్డు, అయిపోవడానికి మూడు నెలలుంది. కాంట్రాక్టు పొడిగిస్తారా లేక ఫైనల్ ఎగ్జిట్ మీద పూర్తిగా ఇంటికి వెళతారా అని కంపెనీ ఇచ్చిన కాగితం నా పెట్టెలో, చొక్కాల కింద ఉంది. పొడిగింపుకు సంతకం పెట్టకుండా ఉండగలనని ఆ రోజు మొదటిసారి అనిపించింది.

ఇక తప్పు ఎలా జరిగిందో చెప్పాలి. అకార్డియన్‌ను వేరే రికార్డర్‌లో పట్టారు. పాదాల చప్పుడు కెమెరా మైకులో ఉంది. రెండూ టైమ్‌లైన్ మీద పక్కపక్కన పెడితే, ముసలావిడ అడుగు తాళం కన్నా కాస్త ఆలస్యంగా పడుతోంది. అన్నిసార్లూ కాదు. నాట్యం మొత్తంలో ముప్పై ఒక్క చోట్ల. రెండు యంత్రాల గడియారాలు ఒకే వేగంతో నడవవు, పెళ్ళి వీడియోల్లో ఇది మామూలే. కానీ ఆ తేడా నిమిషాలు గడిచేకొద్దీ పెరుగుతూ పోవాలి. ఇక్కడ ఒకచోట రెండు ఫ్రేములు, ఇంకోచోట ఐదు, మళ్ళీ మూడు. నాలుగో గడిలో "పెరగడం లేదు, చూడాలి" అని రాసుకున్నాను కూడా. రాసుకుని, చూడకుండా, ముప్పై ఒక్కటీ ముందుకు జరిపాను. బొమ్మ అతుకు కనిపించకుండా రెండు ఫ్రేములు అక్కడ, మూడు ఇక్కడ తీసేశాను. నాలుగు శుక్రవారాలు పట్టింది. నా ఎడిటింగ్‌లో అంత శుభ్రమైన పని అంతకుముందు చేయలేదు.

జుమ్మా నమాజు నుంచి వచ్చి, అన్నం పళ్ళెం చేతిలో పెట్టుకుని అన్న నా వెనక నిలబడి చూశాడు.

"ఏం బ్బా ఇంజనీరూ, ఈ అవ్వకు మోకాళ్ళ నొప్పులు పోయినాయా ఏంది? మాత్ర ఏమన్నా ఇచ్చినావా?"

"తేడా తెలుస్తాందా న్నా?"

"తెలీకేం. మొన్న చూపిచ్చినావే, దాంట్లో అవ్వ ఎగుర్తాండె. దీంట్లో అవ్వను ఎవురో ఎగరేస్తాండారు."

"బాగుందా, బాగలేదా? అది చెప్పు."

"బస్సు బాగుంటాది, నడిపేవాడు నిద్రపోతాంటే ఎట్లా? నాకేం తెల్చు. నువ్వు చదువుకున్నోడివి, కానీ."

ఇద్దరం నవ్వుకున్నాం. నేను దాన్ని మెచ్చుకోలు కిందే జమకట్టుకున్నాను. ఆ సాయంత్రమే మేడమ్‌కు పంపాను. ఆవిడకు నా మీద నమ్మకం. గడువు దగ్గరపడింది. మాటలు, సబ్‌టైటిళ్ళు సరిచూసుకుని చానెల్‌కు పంపేసింది. ఒక కాపీ తల్లికి పంపింది.

మూడు రోజుల తర్వాత నేను ప్లాంటులో భోజనానికి కూర్చున్నప్పుడు ఫోన్ చేసింది.

"మా అమ్మ చూసింది. చాలా బాగుంది అంది."

"థాంక్యూ మేడమ్."

"ఆ అమ్మాయి ఎవరు అని అడిగింది."

నాకు అర్థం కాలేదు. ఆవిడ గొంతు పెంచలేదు. "మళ్ళీ కూర్చుని నేనూ చూశాను. నువ్వు ఆమె అడుగులు ఏం చేశావు?"

చెప్పాను. ఎన్ని చోట్ల, ఎన్ని ఫ్రేములు, అన్నీ. ఆవిడ అన్నీ వింది. తర్వాత, "ఆమె ఆలస్యంగా వేయదు. ఆగి వేస్తుంది. ఆ ఊళ్ళో అందరూ అంతే. అది చూపించడానికే నేను ఈ సినిమా తీశాను" అంది.

ఇది నాకు తెలియని విషయం అయితే ఇంత బాధ ఉండేది కాదు. మా చెక్కభజన గురువు గిరుక్కున తిరిగేటప్పుడు చెక్క మోగాక, రెప్పపాటు ఆగి కాలు వేసేవాడు. ఆ ఆగడం చూడటానికే పక్క ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు. మేం చెక్కతో పాటే కాలు వేస్తే, "ఏమిరా, రైలు పోతాందా ఏమన్నా?" అని మడమ మీద తట్టేవాడు. ఎనిమిదేళ్ళు ఆ దెబ్బలు తిన్నాను. తర్వాత గేజీల దగ్గరికి వచ్చాను. తేడా కనిపిస్తే తిప్పడం చేతికి అలవాటైపోయింది.

ముప్పై ఒక్క అడుగులూ వెనక్కి పెట్టాను. పాత ఫైళ్ళు అన్నీ ఉన్నాయి. ఏదీ చెరిపే అలవాటు నాకు లేదు. షీటులో ఉన్న అంకెలను తిరగేసుకుంటూ పోతే ఒక్క శుక్రవారంలో అయిపోయింది. మేడమ్ చానెల్‌కు రాసింది, ముందు పంపింది పొరపాటు, ఇదీ అసలు సినిమా అని.

చానెల్ వాళ్ళు రెండూ చూశారు. మొదటిదే తీసుకుంటామన్నారు. రెండోదాంట్లో సంగీతానికి, అడుగుకు పొంతన కుదరలేదన్నారు. నేను దిద్దకుండా ఒక్కటే పంపి ఉంటే ఆ మాట వాళ్ళకు తోచేదే కాదేమో. పక్కన పెట్టి పోల్చుకోవడానికి నేనే ఒకటి తయారుచేసి ఇచ్చాను. మేడమ్ ఒప్పుకోలేదు. రెండు వారాలు ఉత్తరాలు నడిచాయి. చివరికి సినిమా వెనక్కి తీసుకుంది. ఆరు భాగాల మాట మళ్ళీ రాలేదు.

ఆవిడ నన్ను తిట్టలేదు. "నేను చూసి పంపాల్సింది" అని మాత్రం అంది. అది వినడం నాకు ఇంకా కష్టంగా ఉంది.

తర్వాత మళ్ళీ ఒకసారి ఫోన్ చేసింది. ఆ దిద్దిన సినిమా ఇంకా నా దగ్గర ఉందా అని అడిగింది. కోపంలో తన కాపీ తీసేసిందట.

"ఉంది మేడమ్."

"మా అమ్మకు పంపు. ఆమె ఫోన్ మార్చింది, దాంట్లో పోయిందట. పక్కింటివాళ్ళకు చూపించుకోవాలట."

"పంపుతాను. అసలుది కూడా పంపనా?"

"అసలుది వద్దట." కొంచెం నవ్వు వినిపించింది. "అందరికీ అది మోకాళ్ళు బాగున్నప్పుడు తీసిందని చెబుతోంది. నేనేం చేయను?"

పంపాను. ఫైలు పెద్దది, వెళ్ళడానికి గంట పట్టింది. అది వెళుతున్నంతసేపూ అన్న తన మంచం మీద నుంచి చూస్తున్నాడు.

"ఏమయింది బ్బా, అవ్వ సినిమా?"

"ఏం కాలేదు న్నా. అవ్వ దగ్గరికి పోతాంది."

"అవ్వకు నచ్చిందా?"

"నచ్చింది."

"ఇంకేం మల్ల" అని అటు తిరిగి పడుకున్నాడు.

పెట్టె తెరిచి చొక్కాల కింద నుంచి కాగితం తీశాను. దాంట్లో రెండు గడులున్నాయి. పొడిగింపు అని ఉన్న మొదటి దాంట్లో టిక్కు పెట్టి, సంతకం చేసి, మడిచి యూనిఫాం జేబులో పెట్టుకున్నాను. పొద్దున బస్సు దిగగానే ఆఫీసులో ఇచ్చేశాను. గుమాస్తా తేదీ చూసి, "ఇవాళే ఆఖరు, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావ్?" అన్నాడు. పనిలో పడి మరిచిపోయానని చెప్పి గేజీల దగ్గరికి వెళ్ళాను.