నర్గీస్ వేసిన తాళం

బొగ్గు యార్డు వైఫైకి కొత్త తాళం పడిన రోజు మొట్టమొదట బయట నిలబడిపోయిన మనిషి, ఆ తాళం వేసిన నెట్‌వర్కు టెక్నీషియను నర్గీసే. బొగ్గు బెల్టు నడిపేవాళ్ల టాబ్లెట్లన్నీ జాగ్రత్తగా నమోదు చేసింది. క్రేను క్యాబిన్‌లో ఉన్నదాన్నీ నమోదు చేసింది. చేసి, సేవ్ నొక్కింది. మరుక్షణం ఆమె ల్యాప్‌టాప్‌కే అనుమతి లేదని తెర మీద వచ్చింది. తన ల్యాప్‌టాప్‌ను నమోదు చేయడం మర్చిపోయింది.

ఇక కేబులు పట్టుకుని స్తంభం ఎక్కి, పైనున్న వైఫై డబ్బాకి నేరుగా తగిలించడమొకటే దారి. నడుముకి తాడు కట్టుకుని ఎక్కింది. సగం దూరంలో చున్నీ నిచ్చెన మేకుకి తగులుకుంది. కింద టీ తాగుతున్నవాళ్లందరూ తలలు పైకెత్తారు.

"ఓ నర్గీసమ్మా, కిందికి దిగి మల్లీ ఎక్కు!" అని బెల్టు ఆపరేటరు సాయిశంకర్ సలహా పడేశాడు.

"దిగితే సున్నీ సిరిగిపోద్ది. నువ్వు నోరు మూసుకుని టీ తాగు."

"నోరు మూసుకుంటే టీ ఎలాగ తాగుతాన్రా బావా?" అని అతను పక్కవాణ్ని అడిగాడు. అందరూ నవ్వారు. నర్గీస్‌కీ నవ్వొచ్చింది గాని, అంత ఎత్తున నవ్వడం మంచిది కాదని ఆపుకుంది.

చున్నీ విడిపించుకుని పైకెళ్లి డబ్బా మూత తీస్తే లోపల్నుంచి ఎండిపోయిన నిమ్మకాయ రాలిపడింది. దసరాకి క్రేనులకీ లారీలకీ పూజ చేసినప్పుడు దీనికీ చేశారు. పసుపు బొట్లు ఇంకా ఉన్నాయి. ఆ డబ్బాకి బొట్టు పెట్టడం ఎవరూ మర్చిపోలేదు. గట్టి తాళం పెట్టాలన్న సంగతే ఎవరికీ తట్టలేదు.

నర్గీస్‌ది ఊళ్లో పాత పేట, వన్ టౌన్. తండ్రి అబ్దుల్ రజాక్ ఇరుకు సందులో రేడియోలు బాగుచేసేవాడు. తీగలంటే భయం లేకపోవడం ఆయన దగ్గర్నుంచి వచ్చింది. కాదనడం చేతకాకపోవడం మాత్రం ఎక్కణ్నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. బస్టాపులో ఎవరో అడిగితే గొడుగు ఇచ్చేసి, తను తడుస్తూ ఇల్లు చేరేది. "నీ చేతికి చిల్లుంది బేటీ," అని తల్లి జమాలున్నీసా తువ్వాలు అందిస్తూ విసుక్కునేది.

ఈ కొత్త తాళానికి చాలా ముందు, వరహాలు పాస్‌వర్డు అడిగినప్పుడూ అలాగే ఇచ్చేసింది.

వరహాలు పద్మనాభం అనే ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. బెల్టు కింద రాలిన బొగ్గు పారతో తీయడం అతని పని. అప్పటికి అతనికి కొత్తగా కూతురు పుట్టింది.

"అక్కా, ఈ బొగ్గు గుట్టల మద్దిని సిగ్నలుండదు. పిల్ల ఏడత్తందో, పడుకుందో తెల్దు. ఆ వైఫై పాసువర్డు సెప్పవా? ఎవరికీ సెప్పను."

చెప్పింది. ఎవరికీ చెప్పనన్న వరహాలుకీ కాదనడం రాదు. తన కూలీల ముఠాకి చెప్పాడు. ముఠాలో ఎవరో గేటు దగ్గర టీ కొట్టు గంగాలమ్మకి చెప్పారు. ఇంకేముంది, గంగాలమ్మ టీ గ్లాసుతో పాటు పాస్‌వర్డు కూడా అందించసాగింది. "కొత్తోడివేటి బాబూ? రాసుకో మరి," అనేదట.

బెల్టును ఆపేది కూడా ఆ వైఫై మీదే. ఆపరేటరు టాబ్లెట్‌లో నొక్కితే, ఆ మాట గాలిలో వెళ్లి మోటారును ఆపాలి. అది పనిచేయకపోతే లాగడానికని బెల్టు పొడవునా ఎర్ర తాడొకటి ఉండాలి. ఆ తాడు తెగి చాలాకాలమైంది. తెగిన కొస గాలికి ఊగకుండా ఎవరో స్తంభానికి చక్కగా ముడి వేసిపెట్టారు.

క్రికెట్ ఫైనల్ రోజు యార్డులో ఉన్న ఫోన్లన్నీ ఆ ఒక్క డబ్బానే పట్టుకుని వేలాడాయి. వరహాలు పార బెల్టులో చిక్కుకుంది. అతను పార వదల్లేదు. సాయిశంకర్ ఆపమని నొక్కాడు. మళ్లీ నొక్కాడు. తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంది. బెల్టు ఆగేసరికి వరహాలు కుడిచెయ్యి మోచేతి దాకా పోయింది.

విచారణకు వచ్చినవాళ్లు సిగ్నల్ లోపమని తేల్చి వెళ్లిపోయారు.

ఆసుపత్రిలో నర్గీస్ అతని మంచం పక్కన కూర్చుంది. తెచ్చిన సేమియా గిన్నె మూత తీయలేదు.

"నాను నీకు సెప్పకుండా ఉండాల్సింది వరాలూ."

"నువ్వు నాకొక్కడికే సెప్పేవు. ఊరందరికీ సెప్పినోణ్ని నాను," అన్నాడు వరహాలు గోడవైపు చూస్తూ. ఇద్దరిలో ఎవరూ రెండోవాళ్ల మాట కాదనలేదు.

మేనేజరు శివరామకృష్ణ పాస్‌వర్డు మార్పించాడు. సగం బెల్టుకి కొత్త తాడు వేయించాడు. మిగతా సగానికి తాడు వస్తోందన్నారు. వరహాలు ఉద్యోగం అతని భార్య గౌరీశ్వరికి ఇచ్చారు. అదే పని, అదే చోటు, తాడు లేని సగం. పార మాత్రం కొత్తది.

ఆమె పనిలో చేరిన వారంలోనే వరహాలు నర్గీస్‌కి ఫోన్ చేశాడు. "అక్కా, అది లోపలికెల్లిపోతే నాకు ఊపిరాడతం లేదు. గౌరి ఫోన్లో ఆ వైఫై ఒక్కసారి ఎక్కించీ."

మీరే చెప్పండి, ఏమని కాదంటుంది? ఎక్కించింది. పక్కన పనిచేసే ఆడవాళ్లు గౌరీశ్వరిని అడిగారు. కొద్దిరోజుల్లో గంగాలమ్మ మళ్లీ టీతో పాటు అందించడం మొదలుపెట్టింది.

ఒక మధ్యాహ్నం బెల్టు కింద నుంచి గౌరీశ్వరి కేక వినబడింది. చీర కొంగు రోలరుకి చుట్టుకుంది. సాయిశంకర్ నొక్కాడు. చక్రం తిరిగింది. ఈసారి బెల్టు కాస్త ముందే ఆగింది. కొంగు చిరిగింది, అంతే. చిరిగిన గుడ్డ రోలరు మీద నల్లగా అతుక్కుని ఉండిపోయింది. నర్గీస్ ఆ సాయంత్రం దాన్ని చాకుతో గీకి తీసి, బ్యాగులో వేసుకుని ఇంటికెళ్లింది.

మరునాడే మేనేజరు ముందు నిలబడి, ఇక పాస్‌వర్డే వద్దంది. ఏ టాబ్లెట్ తాళం దానిలోనే ఉంటుంది. నోటితో చెప్పడానికి ఏమీ ఉండదు. ఫోన్లకి అసలు చోటే లేదు.

"ఇంత గొడవ ఎందుకమ్మా? ఆఫీసు పేరు పెట్టి పక్కన ఒకటి రెండు మూడు పెట్టేస్తే సరిపోదా?"

"మొదట పెట్టింది అదే సార్."

తను ఎవరికైనా కాదనగలదన్న నమ్మకం ఆమెకి లేదు. అందుకే ఇవ్వడానికి వీల్లేనిది పెట్టమంది. ఈ సంగతి మేనేజరుకి మాత్రం చెప్పలేదు.

కొత్త తాళం పడిన రోజు, తన ల్యాప్‌టాప్‌నీ నమోదు చేసుకుని స్తంభం దిగి వచ్చేసరికి గేటు దగ్గర గంగాలమ్మ మొహం మాడ్చుకుని ఉంది. "ఏటమ్మా, నా బేరం మీద దెబ్బ కొట్టీసినావు," అంది. ఆ పూట నర్గీస్ టీలో పంచదార వేయలేదు.

బల్ల చివర వరహాలు కూర్చుని ఉన్నాడు. భార్యకి క్యారేజీ ఇచ్చి, సాయంత్రం దాకా అక్కడే ఉంటాడు. కుడివైపు చొక్కా చెయ్యి మడిచి పిన్నీసు పెట్టి ఉంది. ఎడంచేతిలో ఫోను.

"కట్టీసినావా అక్కా?"

ఆమె తలూపింది.

"గంటగంటకీ వీడియోలో దాని సేతులు సూపించమనీవోణ్ని. రెండూ ఎత్తి సూపించీది. మసి సేతులు. మరిప్పుడు నానెలాగ సూసుకోవాల?"

లోపల హారన్ మోగింది. బెల్టు కదిలిన చప్పుడు గేటు దాకా వచ్చింది. నర్గీస్ తియ్యదనం లేని ఆ టీ మొత్తం తాగి, గ్లాసు బల్ల మీద పెట్టింది.

"సాయంత్రం ఇంటికాడ సూసుకో వరాలూ, రెండూ వత్తాయి."